పర్యావరణం పాసైంది!

‘‘మీవాడేం చదువుతున్నాడండీ?’’
‘‘బీఎస్సీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్.’’
‘‘అయ్యో, ఇంజినీరింగ్‌లో సీటు రాలేదా?’’
‘‘వచ్చింది. వాడే వద్దన్నాడు.’’

అప్పటిదాకా జాలిపడ్డ పెద్దమనిషి, కుర్రాడి బుర్ర సరిగానే ఉందా అన్నట్టు చూస్తాడు.

నిజానికి మన దేశంలో పర్యావరణం చదవని డిగ్రీ విద్యార్థి ఉండకూడదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చెయ్యమంది. పుష్కరం గడిచాక డిగ్రీలన్నిటికీ యూజీసీ ఆరు నెలల కోర్సు తెచ్చింది. దాన్ని ఎవరు చెప్పాలి? చాలాచోట్ల, పీరియడ్లు తక్కువపడ్డ మాస్టారు చెప్పాలి. చెరువుకో అడవికో వెళ్లి చూసి రాయమని సిలబస్‌లో ఉంది. ఎండలో అంత దూరం ఎవరు పోతారు? పిల్లలు థర్మకోల్‌తో చెరువు కట్టుకొస్తారు. మార్కులు పడ్డాక ఆ థర్మకోల్ చెరువు కాలేజీ వెనకున్న అసలు చెరువులో కలుస్తుంది. ఫీల్డ్ వర్క్ పూర్తి!

ఇక దీన్ని మూడేళ్లు మెయిన్‌గా చదివే పిచ్చివాళ్ల సంగతి. వీళ్లకి బీఓడీ పరీక్ష, అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో కొలవడం, నేర్పుతారు. గాలి బుడగ లేకుండా సీసాలో నీళ్లు నింపాలి, 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చీకట్లో ఉంచాలి, స్టార్చ్ వేసి బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతూ నీలం రంగు పోయిన క్షణాన ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే లెక్క తప్పుతుంది, మేడమ్ మళ్లీ చెయ్యమంటారు. నదిలోకి వదిలే వ్యర్థజలంలో బీఓడీ సాధారణంగా లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదని బట్టీ పట్టిస్తారు. పాపం, కుర్రాడు నిజమేననుకుంటాడు.

ఆ నమ్మకంతోనే ఓ కన్సల్టెంట్ దగ్గర ఉద్యోగానికి వెళ్తాడు. కేంద్రం తెచ్చిన 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఫ్యాక్టరీ వల్ల పర్యావరణానికి ఎంత చేటో లెక్కగట్టే నివేదికను ఫ్యాక్టరీ పెట్టేవాడే రాయించుకోవాలి. కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చేదీ ఆయనే. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతమిచ్చినట్టు! ఇక తప్పేదెవరు? ప్రజాభిప్రాయ సేకరణ రోజున షామియానా కింద ఓ రైతు లేచి, ‘‘బాబూ, బోరు నీళ్లు పశువులు కూడా ముట్టడం లేదు’’ అంటాడు. మనవాడు నివేదిక తిరగేసి, ‘‘అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయండీ’’ అంటాడు. రైతు మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది, ప్రాజెక్టు మంజూరవుతుంది. పశువులకి బీఓడీ తెలియదు కదా!

కాబట్టి ఈ డిగ్రీలో చేరబోయే పిల్లలూ, ముందే ఒక మాట తేల్చుకోండి. 3 రోజులు ఆగి నీళ్లు చెప్పిన అంకె రాస్తారా, అంకె రాసేసి దానికి సరిపడే నీళ్లు వెతుకుతారా? మొదటిదానికి మార్కులున్నాయి. ప్లేస్‌మెంట్లు రెండోదానికి.