ఒక కొండతాడు కథ

ఈ కథ ఒక తాడుది. పొడవు 60 మీటర్లు, మందం 9.8 మిల్లీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. ఒళ్లంతా నైలాన్. లోపల బరువు మోసే పేటలు, పైన వాటిని కాపాడే అల్లిక. 80 కిలోల బరువు కట్టి పై నుంచి జారవిడిచే పరీక్షలో కనీసం ఐదుసార్లు తెగకుండా నిలిస్తేనే ఈ జాతి తాడు అంగడికి వస్తుంది. మనిషి పడితే ఇది చేంతాడులా బిగుసుకోదు, సాగుతుంది. ఆ సాగుడే పడినవాడి నడుమును కాపాడుతుంది.

దీన్ని కొన్నది ఉప్పల్‌లో ఉండే ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఆదివారం తెల్లవారకముందే తాడు సైకిలు క్యారియరెక్కుతుంది. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి భువనగిరి దాకా దాదాపు 40 కిలోమీటర్లు.

“మోకాళ్లకు నూనె రాసుకుని ఇంట్లో కూర్చోక, ఈ వయసులో కొండలేంటండీ?” అంటుంది ఇల్లాలు.

“ఆ నూనె సైకిలే పోస్తుందోయ్!” అంటూ ఆయన పెడలు మీద కాలు వేస్తాడు.

ఆయన మాటలో నిజముంది. భువనగిరి ఏకశిల నున్నటి వాలు. అక్కడ చేతులతో వేలాడడం కంటే పాదాల మీద బరువు మోపి, షూ రబ్బరు పట్టును నమ్మి నిలబడడమే విద్య. సైకిలు తొక్కిన తొడలు ఆ పని చక్కగా చేస్తాయి. వేళ్ల స్నాయువులు మాత్రం వయసుతో నెమ్మదిగా కోలుకుంటాయి. అందుకే ఆయన చిన్న అంచులకు వేలాడడు.

ఇదే కొండ మీద ఓనమాలు దిద్దిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్టెక్కింది. శిక్షణకొచ్చే పిల్లల వరుసలో మాస్టారూ నిలబడతాడు. “తాతా, ముందు నువ్వెక్కు!” అంటే పొంగిపోతాడు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని ముందు తానూ పసివాడేనని ఆయన వాదన.

విశ్రాంతి వేళ పిల్లలకు కథలు చెబుతాడు. 1931లో ష్మిడ్ సోదరులు మ్యూనిక్ నుంచి సైకిళ్ల మీద వెళ్లి మాటర్‌హార్న్ ఉత్తర ముఖాన్ని తొలిసారి ఎక్కారు. 1952లో పర్వతారోహకుడు హెర్మన్ బూల్ సైకిలు మీద వెళ్లి, పిట్జ్ బదీలే ఈశాన్య ముఖాన్ని ఒంటరిగా ఎక్కేసి, తిరుగుదారిలో నిద్ర ముంచుకొచ్చి ఇన్ నదిలో పడ్డాడు. మరుసటి ఏడే నంగా పర్బత్ శిఖరం మీద తొలి అడుగు వేశాడు. ఈ కథ ముగిసేసరికి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మాస్టారు మాత్రం తిరుగు ప్రయాణానికి ముందు చెట్టు కింద కాసేపు కునుకు తీస్తాడు.

ఎక్కే ముందు ప్రతిసారీ ఆయన తాడును మొదటి నుంచి చివరి దాకా వేళ్ల మధ్య నుంచి పోనిస్తాడు. ఎండ నైలాన్‌ను బలహీనం చేస్తుంది, గ్రానైట్ గరుకు అల్లికను అరగదీస్తుంది. ఒక ఉదయం వేళ్లకు మెత్తటి, చదునైన చోటు తగిలింది. ఆ రోజే తాడు పదవీ విరమణ చేసింది. వాడకుండా దాచినా పదేళ్లకు మించి నమ్మవద్దని తయారీదారులే చెబుతారు.

మనుషులకు ఆ గడువు లేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మార్సెల్ రెమీ 2017లో, 94 ఏళ్ల వయసులో, మిర్వార్ ద లార్జాంటిన్ కొండ ముఖాన్ని ఎక్కాడు.

అరవై దాటాక ఎక్కాలనిపిస్తే సంకోచించకండి. డాక్టరును అడగండి, శిక్షకుడి దగ్గర నేర్చుకోండి, ముడి వేశాక తోడున్నవాళ్లకు ఒకసారి చూపించండి. పాత తాడును మాత్రం ఎంత ఇష్టమైనా నమ్మకండి.