ముత్యపు గుండీ

నా మనవడి నోట్లోంచి బయటపడ్డ గుండీ ఒకటి నా కుట్టుమిషను సొరుగులో ఉంది. బఠాణీ గింజకంటే కాస్త పెద్దది. తెల్లగా ముత్యంలా మెరుస్తుంది. వెనక చిన్న కాడ. వాడి మెడ దగ్గర దాన్ని కుట్టింది నేనే.

ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని. నేను కుట్టిన హుక్కు ఊడిందని గానీ, వేసిన కాజాకి పీచు లేచిందని గానీ ఎవరూ వెనక్కి తేలేదు. ఆ పేరు మీద పెట్టుకున్న నమ్మకమే నా కళ్ళు కప్పింది. అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు పాత నేతచీరలు చింపి జుబ్బాలు కుట్టాను. మా అమ్మ చూపించిన పద్ధతే. ఒక పక్క మీద ఇంకో పక్క వేసి, చంక కింద చిన్న నాడా ముడి. వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. ఆరో నెలలో అన్నప్రాసన పెట్టుకున్నాక చొంగ గుడ్డలు కుట్టడానికి కూర్చున్నాను. ఈ కాలం వాళ్ళు బిబ్‌లు అంటారు కదా, అవి. తప్పు అక్కడ మొదలైంది. మ్యాచింగ్ సెంటరుకి లైనింగు గుడ్డ కోసం వెళ్ళి, ఆ ముత్యపు గుండీల అట్ట చూసి డజను కొనుక్కొచ్చాను. పట్టుచీర అంచు ముక్కలు చుట్టూ వేసి, మెడ వెనక ఒక కాజా, ఒక గుండీ పెట్టి ఆరు కుట్టాను. వచ్చినవాళ్ళంతా చేతుల్లోకి తీసుకుని మురిశారు.

మా వియ్యపురాలు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, "వదినగారూ, చాలా బాగున్నాయండీ. కానీ పిల్లాడు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే ఈడు. గుండీలు తీసేసి ఇంకేదైనా పెడితే బాగుంటుందేమో" అంది. "నా కుట్టు ఊడదండీ వదినగారూ" అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ రాత్రి అమ్మాయితో, "మీ అత్తగారికి నా చేతిపని నచ్చలేదు" అని కూడా అన్నాను. ఆవిడ పిల్లాడి గురించి చెప్పిన మాటని నా పనితనం మీదికి తీసుకున్నాను. జరిగినదంతా తలుచుకుంటే నాకు అన్నిటికంటే సిగ్గు వేసేది దీనికే.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం పప్పన్నం తినిపించి వాణ్ణి చాప మీద కూర్చోబెట్టాను. గుడ్డ మెడ చుట్టూ తిరిగిపోయి గుండీ ముందుకొచ్చింది. వాడు దాన్ని చిగుళ్ళతో నములుతున్నాడు. నేను చూశాను. పళ్ళు వస్తున్నాయి, దురదకి నములుతున్నాడు అనుకుని ఊరుకున్నాను. కాసేపటికి వాడి చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మొహం కందిపోయి ఉంది. నోరు తెరుస్తున్నాడు గానీ ఏడుపు రావడం లేదు, దగ్గు రావడం లేదు. నేను గబగబా వాడి నోట్లో వేలు పెట్టి కెలికాను. వేలికి గుండీ తగిలి, ఇంకా లోపలికి జారింది.

అమ్మాయి పరుగెత్తుకొచ్చి వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుంది. ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉండేట్టు పట్టుకుని, వీపు మీద అరచేతి మొదలుతో కొట్టింది. నాలుగో దెబ్బకి రెండు మెతుకులు, వాటితో గుండీ చాప మీద పడ్డాయి. తర్వాత వాడు ఏడ్చాడు. పిల్లాడి ఏడుపు కోసం నేను అంతగా ఎదురు చూసింది వాడు పుట్టిన రోజు తర్వాత మళ్ళీ ఆ రోజే.

సాయంత్రం పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కంటికి కనబడి, సులువుగా అందితే తప్ప నోట్లో వేలు పెట్టకూడదని ఆయన చెప్పాడు. ఏడాదిలోపు పిల్లలకైతే రెండు రెక్కల మధ్య ఐదు దెబ్బలు వేయాలట. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదు నొక్కులు, మళ్ళీ వీపు మీద దెబ్బలు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పసివాడి గాలిగొట్టం ఇంచుమించు వాడి చిటికెన వేలంత లావే ఉంటుందన్నాడు. ఇంటికొచ్చి వాడి చిటికెన వేలు పక్కన ఆ గుండీ పెట్టి చూశాను. వేలికంటే గుండీయే వెడల్పు.

అసలు నా కుట్టు ఎందుకు ఊడిందో కూడా చూశాను. నేను రెండు పేటల దారంతోనే కుట్టాను, ముడి కూడా గట్టిదే. కానీ కాడ గుండీకి దారమంతా వెనకున్న ఒక్క రంధ్రం మీదే ఆధారపడుతుంది. ఆ రంధ్రం అంచు గరుకు. రోజూ వేడినీళ్ళలో నాని, బండ మీద బాది, చిగుళ్ళ కింద నలిగి, ఆ అంచుకి దారం కొద్దికొద్దిగా కోసుకుపోయింది. జాకెట్టు గుండీని ఎవరూ నమలరు. నా ముప్పై ఏళ్ళ అనుభవంలో లేనిది అదొక్కటే.

అమెరికాలో మూడేళ్ళ లోపు పిల్లల వస్తువుల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఒకటి వాడతారు. ఊడి వచ్చిన ముక్క అందులో పూర్తిగా పట్టిందంటే అది గొంతుకి అడ్డం పడగలదని లెక్క. మన రూపాయి బిళ్ళ అందులో సునాయాసంగా పడిపోతుంది. నేను కొన్న డజను గుండీలూ ఒకేసారి పడతాయి.

ఇంత జరిగాకైనా నిదానించానా అంటే, లేదు. గుండీలన్నీ కోసేసి, ఆ కోపంలో మెడకి పొడుగాటి నాడాలు కుట్టాను. జుబ్బాకి పనికొచ్చిన నాడా దీనికి మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నాను. చంక కింద నాడా వేరు, మెడ చుట్టూ నాడా వేరు. ఒకరోజు చొంగ గుడ్డ విప్పకుండానే వాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టాను. నాడా కొస వాడి పిడికిట్లో, మిగతాది మెడ చుట్టూ మెలి తిరిగి ఉండగా అమ్మాయి చూసింది. నన్నొక్క మాట కూడా అనలేదు, కత్తెర తెచ్చి కోసేసింది. యూరప్‌లో ఏడేళ్ళలోపు పిల్లల దుస్తులకి మెడ దగ్గరా, తలమీది టోపీ దగ్గరా తాళ్ళే ఉండకూడదన్న ప్రమాణం ఉందని తర్వాత తెలిసింది. ఏ బిగింపు ఉన్నా సరే, నిద్రకి ముందు చొంగ గుడ్డ తీసేయాలి. ఇందులో వెసులుబాటు లేదు.

తర్వాత వెల్క్రో. చిన్నప్పుడు పొలం గట్ల మీద నడిస్తే పరికిణీ నిండా ఉత్తరేణి గింజలు పట్టుకునేవి, ఒక్కోటీ పీకుతూ కూర్చునేవాళ్ళం. స్విట్జర్లాండులో జార్జ్ ద మెస్ట్రాల్ అనే ఇంజనీరు 1941లో తన కుక్క బొచ్చుకి అలాగే అంటుకున్న కాయల్ని పరిశీలించి వెల్క్రో ఆలోచన పట్టాడు. లాగితే విడిపోతుంది కాబట్టి మెడకి మంచిదే. కానీ నేను పైకొచ్చే పట్టీకి లోపలివైపు గరుకు ముక్క కుట్టాను. అది కాస్త పక్కకి జరిగినప్పుడల్లా పిల్లాడి మెడ ఒరుసుకుని ఎర్రగా కందింది. మెత్తటి ముక్క చర్మం వైపూ, గరుకు ముక్క కింది పట్టీకి బయటి వైపూ ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి. మూసి ఉతకాలి, లేకపోతే పీచు పట్టి పనికిరాకుండా పోవడమే కాక మిగతా బట్టల్ని పీకేస్తుంది.

ఇప్పుడు నేను వాడేది ప్లాస్టిక్ టిచ్ బటన్. దారంతో కుట్టేది కాదు, పట్కారుతో నొక్కి బిగించేది. ముల్లు గుడ్డలోంచి దూరి అవతల చదునవుతుంది. పల్చటి మల్లు గుడ్డకి నేరుగా బిగిస్తే నాలుగు ఉతుకులకి చిరిగి ఊడుతుంది. అందుకని లోపల ఇంకో మందపాటి ముక్క తప్పకుండా వేస్తాను. బిగించాక గోరు దూర్చి లేపి చూస్తాను. కదిలితే తీసేసి కొత్తది వేస్తాను. వీటిలోనూ ఏదో ఒకరోజు ఊడేది ఉండకపోదు, అందుకే ప్రతి ఉతుకు తర్వాతా చూస్తాను. ఇంట్లో వేసుకునే వాటికి అసలు బిగింపే పెట్టడం మానేశాను. పాత టీషర్టు మెడపట్టీ సాగుతుంది, తలమీంచి దిగిపోతుంది. నా చేతి పనుల్లో అందం తక్కువైనది అదే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే.

వియ్యపురాలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. క్షమించమన్నాను. "పిల్లాడు బాగున్నాడుగా వదినగారూ, అది చాలు" అంది.

కొట్లో కొన్న బట్టలనైనా నమ్మకండి. చాలావాటికి గుండీలు మిషను మీద ఒంటిదారపు గొలుసు కుట్టుతో వేస్తారు. ఆ దారం కొస చేతికి అందితే ఒక్క లాగుడుకి కుట్టు మొత్తం విడిపోతుంది. సాక్సులు తిరగేసి చూడండి, లోపలి దారం పోగు పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. మీ ఇంట్లో పాకే పిల్లలుంటే ఇవాళే బట్టలన్నీ మంచం మీద పోసి, ఒక్కో గుండీనీ, పూసనీ, చెమ్కీనీ పట్టుకుని గట్టిగా లాగండి. ఊగినదల్లా కోసి తీసేయండి. ఫంక్షను ఉన్నా సరే, ఫొటోలు తీయాల్సి ఉన్నా సరే.