తల మౌస్: అందరూ వద్దనే కొన్ని సలహాలు

చేతులు శుభ్రంగా పనిచేస్తున్న రోజుల్లోనే మౌస్ తీసి అటక మీద పెట్టేయండి. తలతో కర్సర్ నడపడం నేర్చుకోండి. నా మొదటి సలహా ఇదే. చేతులు బాగుండగా ఇదేం ఖర్మ అని ఇంట్లోవాళ్లు అంటారు. అననివ్వండి. మణికట్టు వాచి, వేళ్లు తిమ్మిరెక్కి, డాక్టరు గారు మౌస్ ముట్టుకోవద్దన్నాక నేర్చుకోవడం మొదలుపెడితే ఒకపక్క నొప్పి, ఇంకోపక్క ఆగిపోయిన పని, మధ్యలో మాట వినని కర్సర్. అప్పుడు విసుగొచ్చి వదిలేయనివాళ్లు అరుదు. నొప్పి లేని రోజుల్లో తీరిగ్గా నేర్చుకున్నవాళ్లకు ఆ కంగారు ఉండదు.

తల మౌస్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ల్యాప్‌టాప్ పైన ఉన్న వెబ్‌క్యామే ముఖాన్ని చూస్తుంది. ముక్కు కొసనో, కనుబొమల మధ్య చోటునో గుర్తు పెట్టుకుంటుంది. తల ఎటు తిరిగితే కర్సర్ అటు వెళ్తుంది. ఒకచోట కాసేపు కదలకుండా నిలిపితే క్లిక్ పడుతుంది. మౌస్ చేతికే చెందాలని మొదటి నుంచీ ఎవరూ శాసనం రాయలేదు. 1960లలో మౌస్‌ను తయారుచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం లైట్ పెన్నునీ, జాయ్‌స్టిక్‌నీ, ఆఖరికి మోకాలితో నడిపే పరికరాన్నీ మౌస్ పక్కన పెట్టి పరీక్షించింది. మౌస్ గెలిచింది, నిజమే. కానీ మోకాలికి కూడా ఆ పని అప్పజెప్పి చూసినవాళ్లు తలని చూస్తే నవ్వేవాళ్లు కాదు.

రెండో సలహా షాపువాళ్లకు నచ్చదు. రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఖరీదైన కెమెరాలు, నుదుటికి అంటించే చుక్కలు, టోపీకి తగిలించే పరికరాలు చూపించి ఇవి లేకపోతే కుదరదంటారు. కుదురుతుంది. అమెరికాలో బోస్టన్ కాలేజీకి చెందిన జేమ్స్ గిప్స్, బోస్టన్ యూనివర్సిటీకి చెందిన మార్గ్రిట్ బెట్కే కలిసి రూపొందించిన కెమెరా మౌస్ 2007 నుంచి విండోస్ వాడేవాళ్లకు ఉచితం. స్పెయిన్‌కు చెందిన సీజర్ మౌరి రాసిన ఈవయాక్యామ్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, అదీ ఉచితమే. మ్యాక్ ఉన్నవాళ్లకు 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఈ ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. కండరాల క్షీణత వ్యాధి ఉన్న లాన్స్ కార్ అనే అమెరికన్ గేమర్ ఇల్లు కాలిపోయినప్పుడు ఆయన తల మౌస్ పరికరం కూడా మంటల్లో పోయింది. ఆయన కథే ప్రేరణగా గూగుల్ 2023 మేలో ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్‌ను బయటపెట్టింది. నోరు తెరిస్తే ఒక క్లిక్, కనుబొమలెత్తితే ఇంకొకటి, మనం పెట్టుకున్నట్టు. దానికి కావలసింది మామూలు వెబ్‌క్యామే. ఖరీదైన పరికరం పోయినచోటే ఇది పుట్టిందని షాపులో గుర్తు చేయండి.

బొట్టు పెట్టుకోండి. మగవాళ్లకు కూడా చెబుతున్నాను. కెమెరా మౌస్‌లో ఏ చోటు పట్టుకోవాలో వీడియోలో క్లిక్ చేసి చూపిస్తాం. అది ముఖాన్నేమీ గుర్తుపట్టదు. ఆ చిన్న చోటు చుట్టుపక్కల రంగుకూ దానికీ ఉన్న తేడానే పట్టుకుని వెంబడిస్తుంది. నున్నటి నుదుటి మీద దానికి పట్టు దొరకదు, కర్సర్ మెల్లగా జారిపోతుంది. కనుబొమల మధ్య ముదురు రంగు బొట్టో, స్టిక్కరో ఉంటే పట్టు వదలదు. గడ్డం మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మాట్లాడిన ప్రతిసారీ కర్సర్ గంతులేస్తుంది. ఈవయాక్యామ్‌కు ఈ గొడవ లేదు, ముఖాన్ని తనే వెతుక్కుంటుంది. అందుకే పక్కన ఎవరూ లేకుండా కూర్చునే మనిషికి నేను దాన్నే ముందు చెబుతాను.

వెలుగు ఎంత ఉంటే అంత మంచిదంటారు. ఎంత అన్నదానికంటే ఎటు నుంచి అన్నది చూసుకోండి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, ఇక ఏ ప్రోగ్రామూ ఏమీ చేయలేదు. కిటికీకి ఎదురుగా కూర్చోండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద వీడియోలో అడ్డచారలు కదులుతుంటే వెబ్‌క్యామ్ సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ బదులు 50 పెట్టండి. మన కరెంటు 50.

కర్సర్ వణుకుతోందని అందరూ ప్రోగ్రామ్ సెట్టింగ్స్ తిప్పుతూ కూర్చుంటారు. వేగం తగ్గించు, మెత్తదనం పెంచు, మళ్లీ తగ్గించు. వాటి జోలికి పోకండి. స్క్రీన్‌నే పెద్దది చేయండి. డిస్‌ప్లే స్కేల్ 150 శాతానికి తీసుకెళ్లండి, ఐకాన్లు పెద్దవి చేయండి, కర్సర్ సైజు కూడా పెంచండి. గురి పెద్దదైతే, దగ్గరైతే త్వరగా అందుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టి చూపించాడు. మూలన ఉన్న చిన్న గుణకారం గుర్తు మీద తలతో గురిపెట్టి కుస్తీ పట్టడం దండగ. పేజీలో సగమే కనిపిస్తుందా? కనిపించనివ్వండి.

ఇంకో విషయం తప్పనిసరిగా చెప్పాలి, దీన్ని ఎవరూ నేర్పరు. కాసేపు వాడాక మీరు సూటిగా చూస్తున్నా కర్సర్ పక్కకు పోయి ఉంటుంది. కొత్తవాళ్లు అప్పుడు మెడ వంచి దాని వెంట పడతారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెట్టమని కొందరి సలహా. అక్కర్లేదు. కర్సర్ ఎడమకు జరిగిపోయిందనుకోండి. తలను ఎడమకు తిప్పుతూ కర్సర్‌ను ఎడమ అంచుకు తీసుకెళ్లి గుద్దించండి. అంచు దాటి అది పోలేదు, అక్కడే ఆగుతుంది. మీరు మాత్రం తలను ఇంకాస్త తిప్పండి. సరిగ్గా ఆ అంచునే చూస్తున్నట్టుగా తల రాగానే ఆపి, వెనక్కి తిరగండి. తలా కర్సరూ మళ్లీ ఒక దారిలో పడతాయి. పైకీ కిందికీ ఇంతే. దీన్ని ఒక్కసారి ఒంటబట్టించుకున్నవాళ్లు ఇక వెనక్కి చూడరు.

ఆగితే క్లిక్ పడే ఏర్పాటును మొదట్లో ఆపేయండి. అసలు సుఖం అదే కదా అంటారు. కాదు, మొదట్లో అదే నరకం. చదువుకుందామని కళ్లు ఎక్కడ నిలిపితే తల అక్కడ ఆగుతుంది, అక్కడల్లా ఏదో ఒకటి తెరుచుకుంటుంది. కర్సర్‌ను తీసుకెళ్లి నిలపడం వచ్చేవరకు క్లిక్ లేకుండానే తిరగండి. ఆ తర్వాత కూడా ఒక వేలో, మోచెయ్యో, పాదమో కాస్త కదిలేవాళ్లు క్లిక్‌ను దానికి అప్పజెప్పి, తలకు కర్సర్ ఒక్కటే వదలండి. రెండు పనులూ తల మీద వేయకండి.

తెలుగు టైపింగ్‌కు తల వాడకండి. ఆన్-స్క్రీన్ కీబోర్డులో ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ‘స్త్రీ’ అని రాసి చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒక్క అక్షరానికి ఆరు క్లిక్కులు. వత్తులూ గుణింతాలూ ఉన్న మన భాషకు ఇది మెడ విరిచే పని. గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. నోటితో చెప్పండి, తప్పులు దిద్దడానికి మాత్రం తల వాడండి. మాట స్పష్టంగా రానివాళ్లకు ఈ దారి లేదు. వాళ్ల కోసం ఇంట్లోవాళ్లు రోజూ వాడే మాటల్ని, వాక్యాల్ని ఒక ఫైలులో ముందే రాసి పెట్టాలి, కాపీ చేసుకుంటే చాలేలా.

మెడ గురించి ఒక్క మాట. కదలిక చిన్నదిగా ఉండాలి. పక్కనున్నవాళ్లకు మీ తల తిరుగుతున్నట్టే కనిపించకూడదు. పావుగంటకోసారి ఆపండి. మెడ ఎముకలు అరిగినవాళ్లు, మెడకు దెబ్బ తగిలినవాళ్లు ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి. ఇందులో మొండితనం వద్దు.

ఇక కుటుంబాలకు. వెన్నుపూస దెబ్బతిని మంచాన పడిన కుర్రాడు స్నేహితురాలికి ఒక మెసేజ్ పెట్టాలన్నా అమ్మ చేత కొట్టించాలి. బ్యాంకు పాస్‌వర్డు అన్నయ్యకు చెప్పాలి. తనకు నచ్చిన సినిమా పెట్టమని నలుగురిలో అడగాలి. తల మౌస్ ఆ పిల్లాడికి తిరిగి ఇచ్చేది తన గుట్టు తన దగ్గర ఉంచుకునే హక్కు. అందుకే, అమ్మా, వాడు ఒక లింకు కోసం రెండు నిమిషాలు తంటాలు పడుతుంటే జాలిపడి మౌస్ అందుకోకండి. మీకు ఒక్క క్షణం పట్టే పనే, తెలుసు. అయినా చేతులు వెనక్కి పెట్టుకోండి. వీలైతే గదిలోంచి బయటికి వెళ్లండి. మీ ఎదుట కష్టపడటం వాడికి ఇంకా కష్టం. సాయం చేయకపోవడం తప్పనిపిస్తుంది, చుట్టాలు కఠినాత్ములంటారు. ఈ ఒక్క విషయంలో కఠినంగానే ఉండండి.

మీ చేతులు బాగుంటే ఈ ఆదివారం ఈవయాక్యామ్ డౌన్‌లోడ్ చేసుకుని కూర్చోండి. ఇంట్లో చేతులు కదలని మనిషి ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి.