మ్యూనిక్ మామ

సండూరు తాలూకాలో ఖనిజం లారీలు తిరిగే ఊరన్నాక ఒక మ్యూనిక్ మామ ఉండి తీరాలి. మా యశ్వంతనగర్‌లోనూ ఉన్నాడు. బెంగుళూరు కంపెనీ ఆయన్ని కంప్యూటర్ పనికని జర్మనీ పంపితే, బీరు మీద తీర్పులు చెప్పడం నేర్చుకొచ్చాడు.

మొదటిసారి సెలవులకొచ్చినప్పుడు అమెరికా మాటెత్తితే చాలు, మామ మూతి వంకర. "అదేం బీరప్పా? నీళ్ళకు రంగేసినట్టు ఉంటాది!" వెంటనే బవేరియా చట్టం ఎత్తుకునేవాడు. "1516లోనే రాసినారు. నీళ్ళు, బార్లీ, హాప్స్, అంతే!" ఆ కాగితం మీద సాక్షి సంతకం తనదే అన్నంత ధీమా. ఇంతకీ ఏ అమెరికా బీరు తాగావు మామా అంటే, తాగలేదు. వాళ్ళ టీమ్ లీడర్ చెప్పాడట.

మామనొక్కణ్ణే అనడం న్యాయం కాదు. యూరప్‌లో వెక్కిరించినవాళ్ళలో చాలామందికి తెలిసింది పెద్ద కంపెనీల పలచటి బీరే. కాలిఫోర్నియాలోని చీకో ఊళ్ళో సియెర్రా నెవాడా వాళ్ళు 1980 నుంచే కాస్కేడ్ హాప్స్ దట్టించి, పంపరపనస వాసనొచ్చే చేదు బీరు చేస్తున్న సంగతి వాళ్ళదాకా రాలేదు.

తర్వాత గాలి మళ్ళింది. 2007లో మొదలైన స్కాట్లాండు బీరు కంపెనీ బ్రూడాగ్ అమెరికా దారే పట్టింది. 2016లో కాలిఫోర్నియా స్టోన్ కంపెనీ ఏకంగా బెర్లిన్‌లోనే బ్రూవరీ తెరిచింది. టీమ్ లీడర్ మారాడు, మామా మారాడు. తర్వాతి సెలవుల్లో వైన్ షాపు ముందు నిలబడి, "చేదు తెలియనోడు మనిషే కాదు!" అని ఉపన్యాసం. ఆ బెర్లిన్ బ్రూవరీని 2019లో బ్రూడాగ్‌కే అమ్మేశారట కదా అని అడిగితే మాత్రం, సరిగ్గా అప్పుడే మామకు ఫోనొస్తుంది.

ఇంట్లో హాప్స్ అంటే చేదు పువ్వని వివరించబోతే అవ్వ అందుకుంది: "పువ్వు చేదంటావు, దుడ్డిచ్చి తాగుతారంటావు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉత్తగా పెడితే ఏరి పారేస్తివి కదా నాయనా!"

ఇప్పుడు అమెరికాలోని చిన్న బ్రూవరీలు కొన్ని చేదు తగ్గించి జర్మన్ పద్ధతి పిల్స్‌నర్ బీర్ల మీద పడ్డాయి. మామకు పెద్ద చిక్కే వచ్చింది. పాత మాటకు పోతే పరువు తక్కువ, కొత్త మాట వదిలితే ఫ్యాషన్ తక్కువ. మొన్న దసరాకొచ్చి గొంతు సవరించుకుని తేల్చేశాడు:

"జర్మన్ బీరును మించింది లేదప్పా! కాకపోతే, అది అమెరికావోడు చేయాల."