పిడతకింద పప్పు ఎటు పోయింది?

సింగపూరు వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచీ నాకు మా ఊరు బందరు మీద కోపంగా ఉంది. అక్కడి మేడలు చూసి వచ్చిన కోపం కాదు, నున్నటి రోడ్లు చూసి వచ్చిందీ కాదు. సాయంత్రం పూట జనం ఆరుబయట కూర్చుని ఏం తింటున్నారో, ఎలా తింటున్నారో చూశాక వచ్చిన కోపం.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఒక సాయంత్రం మనవడు "తాతయ్యా, ఇవాళ నడి రోడ్డు మీద కూర్చుని తిందాం రా" అని బూన్ టాట్ వీధికి తీసుకెళ్ళాడు. ఆ వీధి పక్కనే లావ్ పా సాట్ అనే పాత బజారు ఉంది. ఎనిమిది మూలల ఇనుప కట్టడం, 1894 నాటిది. చుట్టూ బ్యాంకుల మేడలు. పగలంతా కార్లు తిరిగే ఆ వీధిని సాయంత్రం ఏడు దాటేసరికి మూసేసి బల్లలూ కుర్చీలూ వేస్తారు. ఒక వార వరసగా సాటే బండ్లు. మాంసం ముక్కలు పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. నంజుకోవడానికి వేరుశనగపప్పు నూరి చేసిన కారప్పులుసు, కీరదోస ముక్కలు, పచ్చి ఉల్లిపాయలు ఇస్తారు. మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్నవాళ్ళూ, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళూ, నాలాంటి ముసలివాళ్ళూ అదే బల్లల దగ్గర కూర్చుని తింటున్నారు.

నేను చూస్తూ నిలబడిపోయింది ఆ బొగ్గుల్ని. అంత డబ్బున్న ఊళ్ళో, గ్యాసుకీ కరెంటుకీ లోటు లేని చోట, ఇంకా బొగ్గుల మీదే కాలుస్తున్నారు. సాటే అంటే బొగ్గుల మీద కాల్చేదే కాబట్టి కాలుస్తున్నారు. ఇంకో మాట అక్కడ అడిగేవాడు లేడు.

తర్వాత న్యూటన్ సెంటరు చూశాను, సెరంగూన్ రోడ్డులో టెక్కా సెంటరు చూశాను. వీటిని వాళ్ళు హాకర్ సెంటర్లు అంటారు. ఒక్కో దుకాణంలో ఒకటో రెండో వంటకాలు, అంతే. కోడి అన్నం చేసేవాడు కోడి అన్నమే చేస్తాడు, పరోటా చేసేవాడు పరోటాయే చేస్తాడు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క పనే చేస్తే చెయ్యి తిరగక ఏమవుతుంది? 2016లో అలాంటి రెండు దుకాణాలకు మిషెలిన్ స్టార్లు వచ్చాయి. ఐదు నక్షత్రాల హోటళ్ళ వంటవాళ్ళు జన్మంతా ఎదురుచూసే గౌరవం అది.

న్యూటన్‌లో పక్క బల్ల వాళ్ళు మిరపకారం పులుసులో వండిన పీతను తింటుంటే నాకు మా దివిసీమ గుర్తొచ్చింది. నాగాయలంక వైపు మడ అడవుల్లో, చెరువుల్లో పట్టిన మండపీతలు ప్రాణంతోనే చెన్నై చేరి, అక్కణ్ణించి తూర్పు దేశాలకు విమానం ఎక్కుతాయి. మన పీతను ఎవరెవరో లొట్టలేసుకుంటూ తింటున్నారు, సంతోషం. అవనిగడ్డ సెంటర్లో సాయంత్రం పూట అదే పీతను ఇగురు పెట్టి ఆకులో వడ్డించే బండి మాత్రం నాకు ఎన్నడూ కనిపించలేదు.

అక్కడ ఇదంతా దానంతట అది రాలేదు. 1960లలో సింగపూరు వీధులు మన వీధుల్లాగే ఉండేవి. రోడ్డు పక్కన బండ్లు, ఒక్క బకెట్టు నీళ్ళలోనే కంచాలన్నీ కడగడం, ఎంగిలంతా కాలవలోకి, కాలవలోంచి నదిలోకి. 1968-69లో ప్రభుత్వం వీధి వర్తకులను లెక్క రాసింది, దాదాపు 18,000 మంది తేలారు. వాళ్ళను తరిమెయ్యలేదు. 1971 నుంచి వాళ్ళ కోసం సెంటర్లు కట్టి, ప్రతి దుకాణానికీ కుళాయి, మురుగు కాలవ, దీపం, పైకప్పు ఇచ్చి అక్కడికి తరలించింది. 1986కల్లా ఆ పని పూర్తయింది. 1997లో శుభ్రతకు ఏ, బీ, సీ, డీ అని మార్కులు వేసి, ఆ అక్షరం అందరికీ కనపడేలా దుకాణం మీద పెట్టించారు. 2021 సెప్టెంబరు నుంచి తిన్నవాళ్ళు తమ పళ్ళెం తామే తీసి పెట్టాలని, లేకపోతే జరిమానా అని చట్టం అమలు చేశారు. ఆ హాకర్ సంస్కృతినే 2020 డిసెంబరులో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

వాళ్ళ ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళలో సింగపూరు నది శుభ్రం కావాలని గడువు పెట్టింది 1977లో. మాకు 1977 అంటే ఉప్పెన సంవత్సరం. ఆ నవంబరు 19న సముద్రం దివిసీమ మీద పడి వేల ప్రాణాలు తీసుకుపోయింది. వాళ్ళు నదిని కడుక్కుంటున్న రోజుల్లో మా వాళ్ళు ఉప్పు నీళ్ళు ఎక్కిన చేలను కడుక్కుంటున్నారు. ఆ ఏటి సంగతి పట్టుకుని పోల్చడం న్యాయం కాదు. కానీ ఆ తర్వాత గడిచిన ఇన్ని దశాబ్దాల సంగతేమిటి?

మా రోజుల్లో బందరు సాయంత్రాలు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. దీపాలు పెట్టే వేళకు కోనేరు సెంటరు చుట్టూ కార్బైడు దీపాలు వెలిగేవి. సినిమా మొదటి ఆట వదిలే సమయానికి హాలు ముందు పిడతకింద పప్పు వాళ్ళు సిద్ధంగా ఉండేవాళ్ళు. వెదురు బుట్టలో వేయించిన శనగపప్పు, మరమరాలు, కారప్పూస. వాటి మధ్య నిప్పులు పోసిన చిన్న మట్టి పిడత. ఆ వేడికి కింద ఉన్న పప్పు వెచ్చగా, కరకరలాడుతూ ఉండేది. మనం అడిగాక సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త కారం, నిమ్మరసం కలిపి, కాగితం పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. ఇంటికి వెళ్ళేదాకా ఆ పొట్లం అరచేతిలో వెచ్చగా ఉండేది. ఎంత తక్కువ సరంజామాతో ఎంత తెలివైన వంట! బండి అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, మనిషి నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగొచ్చు.

మా వీధి మొదట్లో ఒక మామ్మ పునుగులు వేసేది. పొద్దున రుబ్బి పులియబెట్టిన పిండి, వేరుశనగ నూనె, రోట్లో నూరిన అల్లం పచ్చడి. బాదం ఆకులో వేసి ఇచ్చేది. పిండి అయిపోతే పొయ్యి ఆర్పేసేది, ఎంతమంది అడిగినా మళ్ళీ కలిపేది కాదు. "రేపు రా నాయనా, ఇవాళ్టి పిండి ఇవాళే" అనేది. పిల్లలు కడుపు నొప్పి అంటే ఇంటికొచ్చి మా అమ్మను అడిగేది. వండేవాళ్ళు ఎవరో మనకు తెలుసు, మనమెవరో వాళ్ళకు తెలుసు. ఆ రోజుల్లో తిండికి అదే పూచీ.

గుడివాడ జంక్షనులో బండి మారేటప్పుడు, భీమవరం వైపు బండి ఆలస్యమైతే, ప్లాట్‌ఫారం మీద గారెల వాసన ప్రాణం నిలిపేది. పెనుమూడి వారధి రాకముందు పులిగడ్డ రేవులో పడవ కోసం కాచుకున్నవాళ్ళకు ఉడకేసిన వేరుశనక్కాయలు, చలికాలంలో కాల్చిన తేగలు దొరికేవి. తాటి టెంకలను ఇసుక నేలలో పాతరేసి, మొలకెత్తాక తవ్వి, కాల్చి, కట్టలు కట్టి అమ్మేవాళ్ళు. చీల్చి, నార తీసి, మధ్యలో చందమామ అని మేం పిలిచే భాగాన్ని పక్కన పడేసి నమలడం మా దివిసీమ పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కార్తీక పౌర్ణమికి మంగినపూడి సముద్ర స్నానాలకూ, చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకూ వెళితే జీళ్ళు, ఖర్జూరాలు, చెరుకు గడలు. ఏ ఊరికి ఆ ఊరి తిండి, ఏ కాలానికి ఆ కాలపు తిండి ఉండేవి.

ఆ రోజుల్లో అంతా బాగుందని నేను అనను. కొన్ని హోటళ్ళలో కొందరికి వేరే గ్లాసు ఉండేది. బల్ల మీద కూర్చునే హక్కు అందరికీ ఉండేది కాదు. ఆడవాళ్ళు బండి దగ్గర నిలబడి తినడమంటే ఊరంతా చెప్పుకునేది. ఇవాళ బెజవాడలో రాత్రి ఫుడ్ కోర్టుకు వెళితే ఆడపిల్లలు స్నేహితులతో కలిసి నవ్వుకుంటూ తింటున్నారు, ఎవరి కులం ఎవరూ అడగడం లేదు. ఈ మార్పు నాకు మనస్ఫూర్తిగా ఇష్టం. అది వెనక్కి పోకూడదు.

కానీ వాళ్ళు తింటున్నదేమిటి? ఇప్పుడు బందరులో సాయంత్రం నడిచినా, గుడివాడ నెహ్రూ చౌకులో నిలబడినా, బెజవాడ వెళ్ళినా, హైదరాబాదు వెళ్ళినా బోర్డుల మీద అవే పేర్లు. నూడిల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా, షవర్మా, మోమో. ఒకే కంపెనీ సాసు సీసా, ఒకే రకం గడ్డకట్టిన ముక్కల ప్యాకెట్టు. ఏ ఊళ్ళో తిన్నా ఒకటే రుచి అయితే ఆ ఊరు దాకా పోవడం ఎందుకు? మంచూరియాకు ఆ ఎరుపు ఎక్కడిదో ఆలోచించండి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు కలపకూడదని నిషేధించింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయొనైజును ఏడాది పాటు ఆపేసింది. ప్రభుత్వాలు నిషేధించే దాకా వచ్చిన తిండిని మనం పిల్లలకు సాయంత్రం చిరుతిండిగా కొనిపెడుతున్నాం. పునుగులు అడిగితే, ఉన్నచోట కూడా వేడి వేడి పచ్చడిని పలచని ప్లాస్టిక్ కవరులో పోసి ముడేసి ఇస్తున్నారు. బాదం చెట్లు ఇంకా ఉన్నాయి, ఆకులు రాలుతూనే ఉన్నాయి.

కుర్రాళ్ళను తిట్టి లాభం లేదు. బండివాడినీ తప్పుపట్టను. నీళ్ళు లేని చోట, ఎప్పుడు లేచిపొమ్మంటారో తెలియని చోట నిలబడినవాడు పొద్దున్నే పిండి రుబ్బి, రోట్లో పచ్చడి నూరి ఎలా వస్తాడు? ప్యాకెట్టు చింపి, నూనెలో వేసి, సాసు పోసి ఇచ్చేది వాడికి సులువు. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి లేనివాడికి ప్యాకెట్టే దిక్కు. సింగపూరు వాళ్ళు చోటు మార్చి వంటను నిలుపుకున్నారు. మనం చోటును అలాగే వదిలేసి వంటను పోగొట్టుకున్నాం. నా కోపమంతా ఇక్కడే ఉంది.

మా బందరు లడ్డు సంగతి చూడండి. శనగపిండితో పూస వేసి, దంచి, బెల్లం పాకం, నెయ్యి కలిపి మళ్ళీ మళ్ళీ దంచి కట్టే ఆ తొక్కుడు లడ్డు బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీల చేతుల మీదుగా మా ఊరిదయింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది బతికింది ఎందుకంటే దానికి దుకాణాలున్నాయి, ఆ దుకాణాలకు గోడలున్నాయి, తండ్రి తర్వాత కొడుకు కూర్చోవడానికి గల్లాపెట్టె ఉంది. పిడతకింద పప్పుకు గోడ లేదు. మామ్మ పునుగులకు గల్లాపెట్టె లేదు. వాటి తరఫున ఏ ఆఫీసుకూ ఎవరూ దరఖాస్తు పట్టుకుపోలేదు.

సింగపూరులోనూ ఇప్పుడు ఒక బెంగ ఉంది. హాకర్లలో ముసలివాళ్ళు ఎక్కువ, పిల్లలు ఆ పొయ్యి దగ్గరికి రావడం లేదు. అందుకని కొత్తవాళ్ళను అనుభవజ్ఞుల దగ్గర పెట్టి పని నేర్పించే పథకాలు ప్రభుత్వమే నడుపుతోంది. మన దగ్గర అలా నేర్పగల చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పెడనలో, చల్లపల్లిలో, మోపిదేవి గుడి వీధిలో వెతికితే దొరుకుతాయి. ఎంతకాలం ఉంటాయి?

చట్టం లేదనడానికి లేదు. 2014లోనే పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అమ్ముకునే చోట్లు గుర్తించాలి అని అందులో రాసుంది. 2020లో బండివాళ్ళకు మొదటి విడతగా 10,000 రూపాయల అప్పు ఇచ్చే పథకం కూడా మొదలుపెట్టారు. అప్పు ఇచ్చినందుకు సంతోషం. ఆ డబ్బుతో కొన్న సామాను కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇవ్వాలి కదా.

కాబట్టి మా జిల్లా పట్టణాలు నడిపే పెద్దలకు నా విన్నపం ఇది. మంగినపూడి తీరంలో ఒకటి, కోనేరు సెంటరుకు దగ్గర్లో ఒకటి, గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి చోటు చూడండి. ప్రతి బండికీ ఒక కుళాయి, ఒక మురుగు కాలవ, ఒక దీపం ఇవ్వండి. అందులో సగం బండ్లు ఈ నేల తిండికే అని రాసి పెట్టండి. పునుగులు, గారెలు, దిబ్బరొట్టె, పిడతకింద పప్పు, చలికాలంలో తేగలు, వేసవిలో ముంజలు, దివిసీమ పీతల ఇగురు. చదువుతున్న మీరు ఈ సాయంత్రం పిల్లలను బయటికి తీసుకెళితే, మంచూరియా బండి దాటి నాలుగడుగులు వేసి, పునుగులు వేసే ఆవిడ ఎక్కడుందో వెతికి, ఆమె దగ్గర కొనండి. రేపు కూడా వస్తామని ఆమెకు చెప్పండి.