కాకికి టిక్కు లేదు

పల్నాడులో ఆదివారం పక్షి వీక్షణ నడకకి ముందుగా కావలసింది కన్ను కాదు, ఆకుపచ్చా మట్టిరంగూ కలిసిన మచ్చల చొక్కా. పిట్టకి కనబడకూడదట. ఇరవై మంది అలా కనబడకుండా తయారై, అపార్టుమెంటు మెయింటెనెన్సు గురించి గట్టిగా వాదించుకుంటూ చేలగట్టు మీద నడుస్తారు. వాళ్ల మాటలు వినడానికి పిట్టకి అడ్డేముంది? ముందు తీతువు లేచి అరుస్తుంది. అది అరిచిందంటే చుట్టుపక్కల పిట్టలన్నిటికీ దండోరా వేసినట్టే. బృందం చేరేసరికి తుప్పలు మాత్రం మిగులుతాయి. వాటికి ఫొటోలు తీస్తారు.

పిట్టల్ని కళ్లార్పకుండా చూడటం పల్నాడుకి కొత్త కాదు. వీరగాథ ప్రకారం కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడు ఏడేళ్లు మాచర్ల విడిచి పోవలసి వచ్చింది. ఆ రోజుల్లో పుంజు విషయంలో అంచనా తప్పితే రాజ్యం పోయేది. ఇప్పుడు పోయేది ‘లైఫర్’ ఒక్కటే. అంటే, జన్మలో మొదటిసారి చూసిన జాతి అని టిక్కు పెట్టుకునే భాగ్యం.

ఈ టిక్కుల దగ్గరే వస్తుంది తంటా.

నరసరావుపేట పక్కనే కోటప్పకొండ ఉంది. ఆ కొండ మీద కాకి వాలదని జనం మాట. ఆనందవల్లి అనే గొల్లభామ స్వామి కోసం మోసుకొచ్చిన బిందె మీద కాకి వాలి నీళ్లు ఒలకబోసిందట. ఆవిడ శపించిందట. నమ్మేవాళ్లు నమ్ముతారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. మధ్యలో ఏడాది పొడవునా వారానికోసారి కొండెక్కి, వాలిందో లేదో చూసి, తేదీ వేసి రాసుకోవడానికి పక్షి ప్రేమికుల కంటే తగినవాళ్లెవరు? 2002లో అమెరికాలోని కోర్నెల్ పక్షి పరిశోధనశాల వాళ్లు మొదలుపెట్టిన పక్షుల లెక్కల వెబ్‌సైటు ఈబర్డ్‌లో జాబితా పంపేముందు, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడుగుతారు కూడా. అవునని నొక్కి పంపిన జాబితాలో కాకి లేకపోతే, ఆ లేకపోవడం కూడా లెక్కలోకి వచ్చే సమాచారమే.

కానీ బృందంలో కాకిని చూపించినవాడికి మర్యాద దక్కదు. "కాకా!" అని పెదవి విరిచి ముందుకి పోతారు. కాస్త మొహమాటం ఉన్నవాళ్లు అంకెకి బదులు ‘ఎక్స్’ అని పెడతారు. ఉంది, ఎన్నో లెక్కపెట్టలేదు అని దానర్థం. గోరింకకీ అదే గతి.

ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ వియేయో 1816లో ఒక పక్షి ప్రజాతికి ‘పిట్ట’ అని పేరు పెట్టాడు. అచ్చంగా మన తెలుగు మాటే. ఆ మరుసటి ఏడాది మన ఊరకాకికి ‘స్ప్లెండెన్స్’ అన్నాడు, లాటిన్‌లో మెరిసేది అని. పరాయి దేశస్థుడికి కాకిలో మెరుపు కనబడింది. మనవాళ్లకి మాత్రం పాలపిట్టని పాలపిట్ట అనడానికి నోరు రాదు, ‘ఇండియన్ రోలర్’ అంటేనే శాస్త్రం.

అందరినీ ఒకే గాటన కట్టడం తగదు. 1980లో హైదరాబాదులో పుట్టిన పక్షి వీక్షకుల సంఘం తన పత్రికకి ‘పిట్ట’ అనే పేరే పెట్టుకుంది. నాలుగు దశాబ్దాలు దాటినా ఇంకా నడకలు నడుపుతోంది. లెక్కలు రాసేవాళ్లు లేకపోతే ఏ జాతి తగ్గిపోతోందో తెలిసే దారే లేదు.

అయితే ఆ లెక్కకి కళ్లెవరివి? 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే పక్షిని శాస్త్రవేత్తలు వెతికి వెతికి అలిసిపోయారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నవాడు ఐతన్న అనే వేటగాడు. ఆయన ఒంటిమీద మచ్చల చొక్కా ఉండి ఉంటుందా?

గొర్రెలు తోలుకుపోయే పెద్దాయనకి కౌజు ఏ తుప్పలో దూరిందో తెలుసు. బృందం ఆయన్నీ అడుగుతుంది, అడగదని కాదు. టిఫిను బండి ఎక్కడుందని.

కొండ దిగువన ఇడ్లీలు తింటూ జాబితా కూడతారు. ముప్పైతొమ్మిది! ఇంకొక్కటుంటే నలభై అయ్యేదని వాపోతూ, విస్తరి మీదికి దిగిన కాకిని అదే నోటుబుక్కుతో తోలేస్తారు.