రాబోయే రూపాయి దర్శనం

మా చెల్లెలి కొడుక్కు లండన్‌లో ఉద్యోగం. మొన్న ఫోన్లో మాటల మధ్య 'రేపు జీతం పడుతుంది మామా' అన్నాడు. రేపటి సంగతి నీకు ఈరోజే ఎట్లా తెలుసురా అంటే, 'బ్యాంకు యాప్‌లో కనపడతాంది. కావాలంటే ఇప్పుడే వాడుకోవచ్చు' అన్నాడు. అప్పుడు నేను ఆలూరు బస్టాండు దగ్గర టీ అంగట్లో నిలబడి ఉన్నాను. నా చేతిలో టీ గ్లాసు, అంగడాయన చిట్టాలో నా పేరు. అట్లాంటి ఖాతా ఒక్కటి ఉంటే జీవితంలో ఇంకేమీ అడగకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

వాడు విడమర్చి చెబితే తెలిసింది, అందులో మంత్రమేమీ లేదు. బ్రిటన్‌లో జీతాలు చాలావరకు బ్యాక్స్ అనే పద్ధతిలో వస్తాయి. దానికి మూడు పనిదినాలు పడుతుంది. మొదటి రోజు కంపెనీ జాబితా పంపుతుంది, రెండో రోజు అది బ్యాంకులకు చేరుతుంది, మూడో రోజు తెల్లారేసరికి డబ్బు ఖాతాలో ఉంటుంది. అంటే ఎవరికెంత రాబోతోందో బ్యాంకుకు ఒకరోజు ముందే తెలుసన్నమాట. పాతకాలపు బ్యాంకులు ఆ ముక్క కడుపులోనే దాచుకునేవి. మోంజో లాంటి కొత్త బ్యాంకులు మాత్రం 'ముందురోజు సాయంత్రం నాలుగింటికే తీసేసుకో' అంటున్నాయి. అమెరికాలో రెండు రోజుల ముందు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ముందే చూపించాలంటే పంపేవాడు ముందే పంపి ఉండాలి, అంతే. ఈ చిన్న షరతును నేనప్పుడు పట్టించుకోలేదు.

మరుసటి రోజే పాసుపుస్తకం సంకలో పెట్టుకుని బ్యాంకుకు పోయాను. ఏ బ్యాంకో చెప్పను, వాళ్లతో నాకింకా పని ఉంది. 'బాబూ, వచ్చేది ముందే చూపించే ఖాతా ఏదన్నా ఉంటే ఇప్పించు' అని కౌంటర్లో అడిగాను. ఆ పిల్లోడు తలెత్తి చూసి, 'వచ్చినది చూపించేకే ప్రింటరు పనిచేయడం లేదు సార్' అన్నాడు. తర్వాత జాలిపడి ఒక మాట చెప్పాడు. 'అయినా మన దేశంలో ముందేంది సార్, వెనకేంది? నొక్కితే పది సెకన్లలో పడుతుంది.'

అబద్ధం కాదు. 2016లో యూపీఐ వచ్చింది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ రాత్రీ పగలూ నడుస్తోంది, అరగంటకోసారి లెక్కన రోజుకు 48 సార్లు. జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు మోసే నాచ్ అనే బండి 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారం సెలవు కూడా తీసుకోవడం లేదు. ఈ విషయంలో లండన్ వాళ్లే మన దగ్గర పాఠం నేర్చుకోవాలి. ఢిల్లీలో బయలుదేరిన రూపాయి ఆలూరు చేరడానికి క్షణం చాలు. బయలుదేరడానికే ఒక పంటకాలం పడుతుంది.

పోనీ, ముందే చెప్పడం మన బ్యాంకులకు చేతకాదా అంటే, భేషుగ్గా చేతనవును. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి అమల్లో ఉంది. కార్డు మీదో యూపీఐ మీదో నెలనెలా దానంతటదే కోసుకునే డబ్బు ఉంటే, కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు చెప్పాలి. చెబుతున్నారు కూడా. నా ఫోనుకు 'రేపు మీ ఖాతా నుంచి ఇంత పోవును' అని కబురు వేళ తప్పకుండా వస్తుంది. పోయే రూపాయి పెద్దమనిషిలా చెప్పి మరీ పోతుంది. ఆ మర్యాద వచ్చే రూపాయికి ఎవరూ నేర్పలేదు.

అయితే నేను బ్యాంకులో వెతకడమే తప్పు. రాబోయే డబ్బును ముందే చూపించడంలో మన ఆంధ్రప్రదేశ్‌తో పోటీ పడాలంటే మోంజో ఇంకో జన్మెత్తాలి. 2021లో ఏకంగా సంక్షేమ క్యాలెండరే వేశారు. ఏ నెలలో ఏ పథకం పడుతుందో చూసుకోవచ్చు, గోడకు తగిలించుకోవచ్చు, కింద తిథి నక్షత్రాలు ఉండి ఉంటే పంచాంగం ఖర్చు కూడా తప్పేది. ఆ కాలంలో వేదిక మీద బటన్ నొక్కడం ఒక కళ. 2024 ఎన్నికల ముందు కొన్ని పథకాలకు బటన్ నొక్కారు, చప్పట్లు పడ్డాయి, డబ్బు మాత్రం పడలేదు. ఇంతలో ఎన్నికల సంఘం అడ్డొచ్చి, మే 13 పోలింగ్ దాటాకే వేయమంది. చప్పట్లకు కోడ్ వర్తించదు, అవి ఏ రోజువి ఆరోజే జమ అవుతాయి.

తర్వాత ప్రభుత్వం మారింది. మనది మెట్ట నేల, అన్ని విత్తనాలూ ఒకేలా మొలుస్తాయి. 2024 ఎన్నికల సభల్లో కళ్లముందు కనిపించిన అన్నదాత సుఖీభవ తొలి విడత 2025 ఆగస్టు 2న ఖాతాల్లో పడింది. రాష్ట్రం 5,000, కేంద్రం 2,000. లండన్ బ్యాంకు ఒకరోజు ముందు చూపించి జబ్బలు చరుచుకుంటోంది, మనోళ్లు ఏడాదికి పైగా ముందే చూపించారు. ఇంకో విశేషం ఏమిటంటే, ముందు కనిపించే రూపాయి, వచ్చాక కనిపించే రూపాయి ఒకే సైజులో ఉండవు. అమ్మఒడి 15,000 అన్నారు, పోనుపోను బడి నిర్వహణకని 2,000 తీసి 13,000 వేశారు. పేరు తల్లికి వందనం అయ్యాక కూడా 15,000 అన్నారు, 13,000 వేశారు. పార్టీలు దేంట్లో కలవకపోయినా తీసివేతల్లో కలిశాయి.

మాకు ఇదేమీ కొత్త కాదులెండి. ఈ సీమ గాలిలోనే జోస్యం ఉంది. మా ఆలూరు నియోజకవర్గంలోనే హొళగుంద మండలం దేవరగట్టు ఉంది. దసరా రాత్రి మాళమల్లేశ్వరుడి బన్ని ఉత్సవానికి టీవీల వాళ్లు వస్తారు, కర్రల సమరంలో పగిలిన తలలు లెక్కపెట్టుకుని పోతారు. రైతులు దాని కోసమే కాదు, తెల్లవారుజామున పూజారి చెప్పే భవిష్యవాణి కోసం కూడా చెవులు రిక్కించుకుని ఉంటారు. వాన ఎట్లా ఉంటుంది, పత్తి ఏ ధర పలుకుతుంది, జొన్న ఏ ధర పలుకుతుంది, అన్నీ అందులోనే. ముందస్తు జమ చూపించే సర్వీసు మా దగ్గర యాప్‌ల కంటే ముందు నుంచే ఉందన్నమాట. ఇక కడప జిల్లాలో బ్రహ్మంగారి మఠం ఉండనే ఉంది. కాలజ్ఞానంలో లేనిది లేదంటారు. పీఎం కిసాన్ విడత తేదీ ఏ తాళపత్రంలో ఉందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

దాన్ని తెలుసుకోవడానికే నెట్ సెంటర్‌కు పోయాను. నాకు మూడెకరాల మెట్ట ఉంది, ఏడాదికి 6,000 మూడు విడతల్లో రావాలి. ఆధార్ కొట్టించి, ఓటీపీ చెప్పి, తెర వైపు మెడ చాపాను. 'ఆర్ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అని వచ్చింది. అంటే ఏంది నాయనా అంటే, ఫలానా వాళ్లకు డబ్బు వేయండని రాష్ట్రం కాగితం మీద సంతకం పెట్టిందట. ఆనందంగా ఇంటికొచ్చి పడుకున్నాను. వారం తర్వాత పోతే 'ఎఫ్‌టీవో జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్' అని ఉంది. అంటే వేయమని ఆర్డరు పుట్టింది, పడిందో లేదో తేలలేదు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టారు, బిడ్డ ఎక్కడుందో మాత్రం వెతుకుతున్నారు. చూసిన ప్రతిసారీ నెట్ సెంటర్ పిల్లోడికి ఇరవై రూపాయలు. రాబోయే రూపాయి దర్శనం ఉచితం కాదు, స్పెషల్ టికెట్టే.

చివరికి ఆర్డరు కదిలిందన్నారు. డబ్బు మాత్రం నా ఖాతాలో లేదు. నాలుగు రోజులు తిరిగాక బయటపడింది, అది ఇంకో బ్యాంకులో పడిందట. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాకు ఆధార్ చివరగా ముడిపడి ఉంది, సర్కారు సొమ్ము చివరి ముడి వెంటే పోతుందట. ఖాతా ఎంచుకుందామని నేను ఊరంతా తిరుగుతుంటే, ఆధార్ ఎప్పుడో నా బదులు ఎంచేసుకుంది.

ఉపాధి కూలీల కథ ఇంకా సొగసు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి రావాలంది. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం అంది. లెక్క కట్టి చూశాను. 3,000 కూలి ఆగితే రోజుకు రూపాయిన్నర. నెలంతా ఆపినా 45 రూపాయలు. అదే మనిషి ఆ నెల గడుపుకోవడానికి చేసిన అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే 90 కట్టాలి. ఆలస్యం చేసినవాడికి సగం ధర, ఆలస్యాన్ని మోసినవాడికి పూర్తి ధర.

ఇంత తిరిగాక నాకు జ్ఞానోదయమైంది. వచ్చేది ముందే చూపించే ఖాతా ఊర్లో ఎప్పటినుంచో ఉంది, దాని పేరు అంగడి చిట్టా. మా వైపు పని లేక జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. తలుపుకు తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని వ్యాన్ ఎక్కకముందే వాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో, ఎంత తెస్తారో అంగడాయన అంచనా వేసి పెట్టుకుంటాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, ఆదోని మండీలో పత్తి ధర ఎంత, అన్నీ ఆయనకు తెలుసు. బ్యాంకుకు నా వేలిముద్ర తెలుసు, ఆయనకు నా చేను తెలుసు. రాబోయే డబ్బును ముందే చూపిస్తాడు, ముందే వాడుకోనిస్తాడు. వచ్చేనాటికి అది నాది కాకుండా పోతుంది, అంతే తేడా.

ఒట్టు గట్టున పెట్టి ఇంటికొస్తే అవ్వ అరుగు మీద కూర్చుని వక్కాకు సంచి సర్దుకుంటోంది. ఇంట్లో తేదీ తెలిసిన రాబడి ఆమె పింఛను ఒక్కటే. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం పిల్ల మిషన్ పట్టుకుని వస్తుంది. అరిగిపోయిన వేళ్లను చీర కొంగుతో తుడిచి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టిస్తుంది. నాలుగో వేలుకో అయిదో వేలుకో మిషన్ ఒప్పుకుంటుంది. 4,000 చేతిలో పడుతుంది. ఒకటో తేదీ ఆదివారమైతే ముందురోజే ఇచ్చిపోతారు. అంటే లండన్ పద్ధతి మా ఇంట్లోనే, మా అరుగు మీదే నడుస్తోంది.

'అవ్వా, ఒక ఐదొందలియ్యి, కిసాన్ డబ్బు ఇంకో విడత పడతానే ఇస్తా' అన్నాను.

'ఎప్పుడు పడతాదంట?'

ఫోనులో ఫొటో తీసిపెట్టుకున్న కొత్త తెర చూపించాను. ఆమెకు చదువు రాదు. 'ఏమని రాసినారు నాయనా అందులో?' అంది.

'పెండింగులో ఉందని.'

అవ్వ సంచి ముడి విప్పుతూ ఆగింది. లండన్ మేనల్లుడు గానీ, బ్యాంకు పిల్లోడు గానీ, నెట్ సెంటర్ వాడు గానీ, నేను గానీ ఇన్నాళ్లూ అడగని ప్రశ్న అడిగింది.

'యాడప్పా పెండింగు? ఎవురి కాడ?'